నూటికి యాభై ఎనిమిది

మా అమ్మాయికి లెక్కల పరీక్షలో నూటికి యాభై ఎనిమిది మార్కులు వచ్చాయి. ఇందులో వ్రాయడానికేముంది, లోకంలో ఎంతమంది పిల్లలకు రావడం లేదు అంటారేమో. నిజమే. కాని పదహారేళ్ళు నిండేవరకు ఆ పిల్ల తన కాగితం మీద తొంభై అయిదుకు తక్కువైన అంకెను చూసి ఎరుగదు. ఆ సాయంత్రం కారెక్కి, బెల్టు పెట్టుకొని, కాగితాన్ని నాలుగు మడతలు మడిచి సంచీలో దాచి, "నాన్నా, ఏసీ కొంచెం పెంచవా" అంది. ఇల్లు చేరేదాకా మరి మాట లేదు. 2024 సెప్టెంబరు నెలాఖరు. డాలస్ శివార్లలో అప్పటికింకా ఎండ చల్లారదు.

పూర్వం మనవాళ్ళు ఇటువంటి పిల్లలను ఏకసంథాగ్రాహులనేవారు. ఒకసారి వింటే చాలు, పట్టేసే రకం. ఇక్కడి బళ్ళలో గిఫ్టెడ్ అండ్ టాలెంటెడ్ అని, పొట్టిగా జీ.టీ. అని అంటారు. టెక్సస్ ప్రభుత్వ పాఠశాలలు అటువంటి పిల్లలను గుర్తించి తగిన చదువు చెప్పాలని రాష్ట్ర నియమం ఉంది. ఆ నియమం పుణ్యమా అని మా అమ్మాయి కోవిడ్ కాలంలో, ఏడవ తరగతిలో, మా భోజనాల బల్ల దగ్గరే కూర్చొని ఆల్జీబ్రా ముగించింది. ఆ వేసవిలో జామెట్రీ తనంతట తానే చదువుకొని, పాఠం వినకుండా పరీక్ష మాత్రం వ్రాసి గట్టెక్కే పద్ధతిలో గట్టెక్కింది. అందుకు నూటికి ఎనభై రావాలి, ఆమెకు తొంభై ఆరు వచ్చాయి. పదవ తరగతి పూర్తయ్యేసరికి ఏ.పీ. కాల్క్యులస్ బీసీ కూడా అయిపోయింది, మే నెల పరీక్షలో అయిదుకు అయిదు.

ఇదంతా గొప్పకు చెప్పుకోవడం లేదు. ఇన్నేళ్ళలోనూ ఆమెకు నిజంగా కష్టమైన లెక్క ఒక్కటీ ఎదురు కాలేదన్న సంగతి నేను గమనించలేదని చెప్పుకోవడానికే ఈ పట్టిక. వేగంగా నడిచింది, అంతే. నడిచిన దారి అంతా చదునుగానే ఉంది.

జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గణితంలో అసాధారణమైన ప్రతిభ గల పిల్లల మీద 1971లో ఒక దీర్ఘకాల అధ్యయనం మొదలుపెట్టాడు. పన్నెండు పదమూడేళ్ళ పిల్లలకు వాళ్ళ తరగతి ప్రశ్నపత్రం కాక, కాలేజీకి వెళ్ళబోయేవాళ్ళు వ్రాసే శాట్ పరీక్ష పెట్టడం ఆయన పద్ధతి. అందులోని ఆలోచన తేలికైనదే. తరగతి పరీక్షలో నూటికి నూరు తెచ్చుకొన్న పదిమంది పిల్లలు సమానులు కారు. ఆరడుగుల మనిషిని నాలుగడుగుల కర్రతో కొలిస్తే కర్ర అయిపోతుంది గాని మనిషి అయిపోడు. నేను మాత్రం ఏళ్ళ తరబడి ఆ కర్ర చివరనే చూసి మురిసిపోయాను.

పదవ తరగతి చివర ప్రశ్న వచ్చింది. బడిలో లెక్కలు అయిపోయాయి, తరువాత ఏమిటి? దారులు రెండు. ఒకటి ఏ.పీ. స్టాటిస్టిక్స్. మా అమ్మాయికి అందులో ఏ గ్రేడు రావడం సూర్యుడు తూర్పున ఉదయించడమంత ఖాయం. రెండవది, సమీపంలోని కమ్యూనిటీ కాలేజీకి వారానికి రెండు సాయంత్రాలు వెళ్ళి లీనియర్ ఆల్జీబ్రా చదవడం. ఆ పాఠం చెప్పే ఆచార్యుడు లెక్క చేయడంతో సరిపెట్టుకోడు, నిరూపణలు అడుగుతాడు అని ప్రతీతి. అమ్మాయి రెండవది కావాలంది. ఆమె లెక్కల పంతులమ్మగారూ అదే మంచిదన్నారు. సలహా చెప్పవలసిన కౌన్సిలరు మాత్రం కాసేపు కంప్యూటరులో చూసి, "మీకు లెక్క తెలుసు కదా?" అని నన్నడిగింది.

ఆ లెక్క ఏమిటంటే, మా డిస్ట్రిక్టులో మామూలు తరగతిలో ఏ వస్తే 4 పాయింట్లు. ఏ.పీ. తరగతిలో ఏ వస్తే 5. కాలేజీకి వెళ్ళి చదివిన పాఠంలో ఏ వస్తే నాలుగున్నర. ఇది రాష్ట్రమంతటా ఒకే తీరు కాదు, ప్రతి డిస్ట్రిక్టుకూ తన తూనికరాళ్ళు తనవే. కాని తూచే పద్ధతి ఒకటే కాబట్టి దాని విడ్డూరమూ ఒకటే. ఒక పిల్లవాడు ఆరు ఏ.పీ. తరగతులు చదివి అన్నిటిలోనూ ఏ తెచ్చుకొన్నాడనుకోండి. ముప్ఫై పాయింట్లు, సగటు 5.00. అదే పిల్లవాడు వయొలిన్ మీది ఇష్టంతో ఏడవ తరగతిగా ఆర్కెస్ట్రా కూడా తీసుకొని, అందులోనూ ఏ తెచ్చుకొన్నాడనుకోండి. ముప్ఫై నాలుగును ఏడుతో భాగిస్తే 4.86. ఎక్కువ చదివాడు, అన్నిటిలోనూ ఏ తెచ్చుకొన్నాడు, సగటు తగ్గింది. ఆ గంట ఖాళీగా ఉంచుకొని ఇంటికి పోయి నిద్రపోయినవాడు వాడికన్నా పైన నిలిచాడు.

ఇది వినగానే నేను నవ్వాను. నవ్వింది నేనొక్కడినే. ఆ తరువాత ఒక ఆదివారం గుడిలో ప్రసాదం తింటుండగా ఒక మిత్రుడు గొంతు తగ్గించి, "మావాడు ఆర్కెస్ట్రా మానేశాడండీ, పాయింట్లు పోతున్నాయని" అన్నాడు. ఇంట్లో ఎవరికో జబ్బు చేసిన సంగతి చెప్పినట్లు చెప్పాడు. ఆరవ తరగతి నుంచి సెల్లో వాయించిన పిల్లవాడు.

ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే ఒక చట్టం సంగతి చెప్పాలి. 1996లో హాప్‌వుడ్ కేసు తీర్పు టెక్సస్ విశ్వవిద్యాలయాలు ప్రవేశాలలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని ఆపేసింది. దానికి ప్రత్యామ్నాయంగా 1997లో రాష్ట్ర శాసనసభ ఒక దారి కనిపెట్టింది. రాష్ట్రంలో ఏ ఉన్నత పాఠశాలలోనైనా సరే, తరగతిలో మొదటి పది శాతంలో ఉన్నవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు తప్పనిసరిగా ఇవ్వాలి. ఇది మంచి చట్టమేనని ఇప్పటికీ నా అభిప్రాయం. పశ్చిమ టెక్సస్‌లో పత్తిచేల మధ్య అరవైమంది పిల్లలుండే బడి నుంచి కూడా ఆస్టిన్‌కు దారి వేసిన చట్టమిది. తెనాలి దగ్గరి పల్లెటూరి బడిలో చదివి వచ్చిన నేను దానిని తప్పు పట్టలేను. ఇబ్బందల్లా మావంటి పేటలలోనే. మంచి బళ్ళున్నాయని వెతుక్కొని మరీ వచ్చి, ఏకసంథాగ్రాహులందరినీ ఒకే బడిలో కుక్కి, ఇప్పుడు ర్యాంకులు చాలడం లేదని గోల పెడుతున్నది మేమే.

పిల్లలు ఎక్కువై, సీట్లు చాలక, ఆస్టిన్ విశ్వవిద్యాలయానికి 2009లో ఒక సడలింపు ఇచ్చారు. రాష్ట్రంలోని పిల్లలకు కేటాయించిన సీట్లలో 75 శాతం వరకే ఈ పద్ధతిలో నింపవచ్చు. ఆ హద్దు దాటకుండా ఉండేందుకు పది శాతం కాస్తా తగ్గుతూ వచ్చి ఆరు శాతమైంది. 2024 సెప్టెంబరులో, 2026లో చేరబోయే పిల్లల నుంచి అయిదు శాతమే అని ప్రకటించారు. అంటే సరిగ్గా మా అమ్మాయి తరగతి నుంచి. వాళ్ళ తరగతిలో తొమ్మిది వందలమంది. ఆరు శాతమంటే యాభై నాలుగు, అయిదు శాతమంటే నలభై అయిదు. పదవ తరగతి చివర మా అమ్మాయి ర్యాంకు ముప్ఫై ఎనిమిది.

ఆ ప్రకటనా, ఆ యాభై ఎనిమిది మార్కులూ ఒకే నెలలో వచ్చాయి.

నేను ఇంజనీరును. బాధ కలిగితే స్ప్రెడ్‌షీటు తెరవడం నా వృత్తిధర్మం. ఆ రాత్రి ఇద్దరూ పడుకున్నాక లెక్క వేశాను. పదకొండవ తరగతి ముగిసేసరికి సగటులోకి వచ్చే సెమిస్టరు గ్రేడులు సుమారు నలభై. ఏ.పీ. స్టాటిస్టిక్స్‌లో వచ్చేది 5. కాలేజీ పాఠంలో బీ వస్తే మూడున్నర. తేడా ఒకటిన్నర, దాన్ని నలభైతో భాగిస్తే సగటులో 0.04 కన్నా తక్కువ. చీమ తలకాయంత. కాని మా బడిలో సగటును నాలుగు దశాంశ స్థానాల దాకా ముద్రిస్తారు. ముప్ఫై ఎనిమిదికీ యాభైకీ నడుమ ఉన్న దూరమంతా ఆ చీమ తలకాయ మీదే ఉంది. అంతేకాదు, కాలేజీ పాఠంలో వచ్చిన గ్రేడు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది. నవంబరు మధ్యలోగా మానేస్తే మాత్రం గ్రేడు బదులు డబ్ల్యూ అనే అక్షరం పడుతుంది, సగటు చెక్కుచెదరదు. నా పట్టిక రెండు నిలువు వరుసలలో తేల్చిన సమాధానం ఒకటే. మానెయ్యాలి.

మరునాడు ఉదయం కాఫీ తాగుతూ నా శ్రీమతికి అదంతా చూపించాను. ఆవిడ అద్దాలు పెట్టుకొని ఓపికగా చూసి, "ఏమండీ, మనం చదివిస్తున్నది పిల్లనా, సగటునా?" అంది. ఆవిడకేం, ఎన్నైనా చెబుతుంది అనుకొన్నాను. అన్నది మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పక తప్పదు. నేను కూడా మా ఊళ్ళో ఫస్టు ర్యాంకు పిల్లవాడినే. ఇంటర్మీడియట్ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో, ఉదయం అయిదు నుంచి రాత్రి పదిన్నర దాకా. ఆ చదువును మెచ్చుకొనే ఉద్దేశం నాకు లేదు గాని ఒక్క విషయంలో అది ఇక్కడి చదువు కన్నా నయమనిపిస్తుంది. వారం వారం పెట్టే పరీక్షలలో ఎన్నిసార్లు బోల్తా పడినా ఎంసెట్ రోజున ఎవరూ వాటిని అడగరు. తప్పు చేయడానికి రెండేళ్ళ గడువుండేది. ఇక్కడ తొమ్మిదవ తరగతిలో ఒక శుక్రవారం పెట్టిన చిన్న పరీక్ష కూడా కాలేజీ దరఖాస్తు దాకా వెంట వస్తుంది. అయితే ఆ గడువును నేను వాడుకొన్నదీ లేదు. నాకు వచ్చిన పద్ధతి ఒకటే. మాదిరి లెక్కలు వెయ్యి చేసి, వెయ్యిన్నొకటవది వాటిలో ఏదో ఒకదానిలా ఉంటుందని నమ్మడం. నా నమ్మకం వమ్ము కాలేదు, మంచి ర్యాంకే వచ్చింది.

1998లో ఈ దేశంలో ఎం.ఎస్. చేస్తూ, సిగ్నల్ ప్రాసెసింగ్‌కు పనికొస్తుందని గణిత విభాగంలో రియల్ అనాలిసిస్ తీసుకొన్నాను. మొదటి పరీక్షలో ముప్ఫై ఒకటి. మాదిరి లెక్కలు లేని చదువు అది. ప్రశ్న చదివి, తెల్ల కాగితం వైపు చూస్తూ గంట కూర్చోవడం అప్పటిదాకా నాకు జరగలేదు. అసిస్టెంట్‌షిప్ నిలబడాలంటే సగటు 3.0 ఉండాలి. నాకు 4.0 ఉంది. ఒక్క బీ వచ్చినా, సీ వచ్చినా కూడా ప్రమాదమేమీ లేదు. అయినా పదిరోజులు తిరగకముందే ఆ క్లాసు మానేసి, ఇంకేదో తేలికైనది తీసుకొన్నాను. 4.0తోనే పట్టా పుచ్చుకొన్నాను. ఈ సంగతి పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా శ్రీమతికి కూడా చెప్పలేదు. చెప్పేంత విషయం కాదని అనుకొన్నాను.

అక్టోబరులో ఒక రాత్రి, పదకొండు దాటిందేమో, మంచినీళ్ళ కోసం లేస్తే భోజనాల బల్ల దగ్గర దీపం వెలుగుతున్నది. అమ్మాయి పరీక్ష కాగితం మడతలు విప్పి ముందు పెట్టుకొని కూర్చుంది. ఒక ప్రశ్న కింద ఆచార్యుడు ఎర్ర సిరాతో "ఇది ఒక ఉదాహరణ. ఎప్పుడూ ఇలాగే ఎందుకు జరగాలి?" అని వ్రాశాడు. ప్రశ్న ఇది. ఏ అనే మాత్రికను దానితోనే గుణిస్తే సున్నా వస్తుంది. ఐ అనేది గుణకారంలో ఒకటి వంటి మాత్రిక. అయితే ఐ మైనస్ ఏ అనే మాత్రికకు విలోమం తప్పక ఉంటుందని నిరూపించాలి. మా అమ్మాయి ఒక రెండు వరుసల మాత్రికను తీసుకొని, దానికి విలోమం కట్టి చూపించి, ముగించింది. మాదిరి లెక్క! నా కూతురే, సందేహం లేదు.

"పరీక్ష అయిపోయింది కదమ్మా, ఇప్పుడెందుకు?" అన్నాను.

"ఎందుకో చూద్దామని."

నేను కూర్చొన్నాను. నా పట్టిక సంగతి నెమ్మదిగా చెప్పాను, నవంబరు గడువు సంగతీ, నలభై అయిదు సంగతీ. అంతా విని, "నాన్నా, నువ్వెప్పుడైనా క్లాసు మధ్యలో మానేశావా?" అని అడిగింది.

అబద్ధం చెప్పడానికి తగినంత సమయం ఉంది. ఎందువల్లనో చెప్పలేకపోయాను. ముప్ఫై ఒకటి సంగతీ, 4.0 సంగతీ చెప్పాను.

"తరువాతెప్పుడైనా నేర్చుకొన్నావా అది?"

"లేదు."

"ఎందుకు?"

"వీలు కాలేదు" అన్నాను. అది అబద్ధం. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది, మూడు ఇళ్ళు మారినా వెంట వచ్చింది, నలభయ్యవ పేజీ దాటలేదు.

ఆమె మరేమీ అనలేదు. నేను వెళ్ళి పడుకున్నాను. మూడు రోజుల తరువాత, అంట్లు సర్దుతుండగా వెనకనుంచి గట్టిగా నవ్వు వినిపించింది. "నాన్నా, చూడు! ఐ ప్లస్ ఏ!" అని కాగితం పట్టుకొని వచ్చింది. ఐ మైనస్ ఏ ని ఐ ప్లస్ ఏ తో గుణిస్తే మధ్య పదాలు కొట్టుకుపోతాయి, ఐ మైనస్ ఏ స్క్వేర్ మిగులుతుంది. ఏ స్క్వేర్ సున్నా కనుక మిగిలింది ఐ. విలోమం దొరికినట్లే. మనం ఎనిమిదవ తరగతిలో వల్లెవేసిన బీజగణిత సూత్రమే, రెండు పంక్తులు. ఆ రెండు పంక్తుల కోసం మూడు రోజులు. పదహారేళ్ళలో ఆ పిల్ల ఒక లెక్క మీద మూడు రోజులు కూర్చోవడం అదే మొదటిసారి. కష్టపడి సాధించినప్పుడు ఆమె ఎలా నవ్వుతుందో కూడా నేను అదే మొదటిసారి విన్నాను. అప్పటిదాకా ఆమె మార్కులకు మేమే నవ్వేవాళ్ళం.

మానలేదు. రెండవ పరీక్షలో డెబ్బై ఒకటి, చివరికి బీ.

పిల్లలను కష్టంలోకి తోయడమే మంచిదని నేను చెబుతున్నానని ఎవరూ అనుకోకూడదు. మా పేటలో ఏడాదికి ఏడెనిమిది ఏ.పీ.లు తలకెత్తుకొని, రాత్రి రెండు గంటలకు పడుకొనే పిల్లలున్నారు. అది బరువు. బరువు వేరు, కష్టం వేరు. ఎనిమిది తేలిక మూటలు ఒకేసారి మోసినా మెడ విరుగుతుంది గాని కొత్తగా వచ్చేదేమీ ఉండదు. మా ఇంట్లో చివరికి మేము కుదుర్చుకొన్న ఒప్పందం చాలా చిన్నది. ఏడాదికి ఒక్కటంటే ఒక్క విషయంలో ఆమె తప్పవచ్చు, అందులో గ్రేడు సంగతి నేను ఎత్తను. మిగిలినవి ఆమె స్థాయికి కొంచెం తేలికైనవే ఉండాలి, వాటిలో మాత్రం మార్కులు జారకూడదు. రాత్రి పదకొండుకు దీపం ఆర్పాలి. వయొలిన్ మానకూడదు. ఈ చివరిది ఆమె పెట్టిన షరతు.

విశ్వవిద్యాలయాల వాళ్ళు ఊళ్ళకు వచ్చి సభలు పెట్టినప్పుడు ప్రతి సభలోనూ ఒక తండ్రి లేచి, "ఏ.పీ.లో బీ మంచిదా, మామూలు తరగతిలో ఏ మంచిదా?" అని అడుగుతాడు. వాళ్ళు నవ్వి, "ఏ.పీ.లో ఏ మంచిది" అంటారు. సభ కూడా నవ్వుతుంది. నేనూ ఒకసారి అడిగినవాడినే. కష్టమైన పాఠాలు ఎంచుకొన్నారా లేదా అన్నది కూడా చూస్తామని వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు, దరఖాస్తును ఆమూలాగ్రం చదివే చోట్ల చూస్తారు కూడా. ఆస్టిన్‌లో సైతం, ర్యాంకు వల్ల విశ్వవిద్యాలయంలో చోటు దొరుకుతుందే గాని కోరిన కంప్యూటర్ సైన్సులో దొరుకుతుందన్న హామీ లేదు. అది వేరే వడపోత. ఇవన్నీ చెప్పుకొని మనసును ఊరడించుకోవచ్చు. కాని 2025 జూన్‌లో బడి నుంచి కాగితం వచ్చినప్పుడు దానిమీద ఉన్న అంకె 51. పాత హద్దుకు లోపల, కొత్త హద్దుకు వెలుపల. పోయినది నిజంగా పోయినదే. ఆ రోజు నేను స్ప్రెడ్‌షీటు తెరిచి, అక్టోబరులో వేసిన లెక్క ఎంత సరిగా ఉందో చూసుకొని, మూసేశాను.

దరఖాస్తుల తరువాత ఏమైందన్నది ఆమె సొంత విషయం, చెబితే ఆమె చెప్పుకోవాలి.

ఆ జూన్ నెలలోనే ఒక ఆదివారం తెనాలి నుంచి మా అమ్మ ఫోను. "ఏరా నాన్నా, పిల్లకి ర్యాంకొచ్చిందిటగా, ఎంతరా?" నేను నీళ్ళు నములుతుంటే అమ్మాయి నా చేతిలోంచి ఫోను లాక్కొంది.

"యాభై ఒకటి, నాయనమ్మా."

"ఎంతమందిలోనే?"

"తొమ్మిది వందలమందిలో."

అవతల కొంచెంసేపు నిశ్శబ్దం. మా అమ్మ మనసులో లెక్క వేసుకొంటున్నది కాబోలు.

"మరింకేం, మీ నాన్న గొంతు విని ఏమయిందో అనుకొన్నాను. అన్నం తిన్నావా?"